సిరిమానుకి చుట్టాలొస్తున్నారు: గేటు నుంచి పడక దాకా ఇల్లు సర్దుకునే పద్ధతి

విజయనగరంలో ఇల్లున్నవాళ్ళకి దసరా పండగ దశమితో అయిపోదు. దశమి తర్వాత వచ్చే మంగళవారం మన ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడవైన చింతమాను మీద పూజారిని కూర్చోబెట్టి చేసే ఊరేగింపు. ముందురోజు సోమవారం దానికి తొలి వేడుక, తొలేళ్ళు. ఆ రెండు రోజులూ ఊళ్ళో ఏ వీధి చూసినా చుట్టాలే. గజపతినగరం నుంచి మేనత్త, బొబ్బిలి నుంచి వియ్యాలవారు, విశాఖపట్నం నుంచి అన్నయ్య పిల్లలు, వాళ్ళతో పాటు వాళ్ళ స్నేహితులు. పిలిచినవాళ్ళు వస్తారు, పిలవనివాళ్ళూ వస్తారు. అమ్మవారి పేరు చెప్పి గుమ్మం తొక్కినవాళ్ళని ఎవరు పిలిచారని అడగం.

పెళ్ళికైతే చుట్టాలంతా ముహూర్తం చూసుకుని వస్తారు. సిరిమానుకి అలా కాదు. సోమవారం తెల్లవారి బస్సు మొదలు మంగళవారం మధ్యాహ్నం దాకా విడతలు విడతలుగా దిగుతూనే ఉంటారు. ఒకరికి కాఫీ కలుపుతుండగానే ఇంకొకరు గేటు తీస్తారు. దాంతో ఇంటి ఆడవాళ్ళు పొయ్యి దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరగడంతోనే సరిపోతుంది. సిరిమాను బయల్దేరే మూడు లాంతర్ల కూడలికి కూతవేటు దూరంలో కాపురం ఉంటూ, ఏళ్ళ తరబడి సిరిమాను కళ్ళారా చూడని కోడళ్ళు, అమ్మలు మన ఊళ్ళో చాలామందే ఉన్నారు. అది మారాలన్న పట్టుదలతోనే ఇది రాస్తున్నాను.

అందుకు ఒకటే పద్ధతి. ఇంటిని గదుల వారీగా కాకుండా, చుట్టం నడిచి వచ్చే దారి వారీగా సర్దాలి. గేటు, చెప్పులు విడిచే చోటు, చేతి బరువు దించే చోటు, కాళ్ళకి నీళ్ళు, తాగడానికి నీళ్ళు, కూర్చునే చోటు, బాత్రూము, పడక. ఈ వరసలో వచ్చినవాళ్ళకి ఏదీ అడగాల్సిన అవసరం రాకూడదు, మనం ఏదీ వెతకాల్సిన అవసరం రాకూడదు.

పది రోజుల ముందు: ఒక నోట్‌బుక్కు, ఒక ఫోను

ఎవరొస్తున్నారు, ఎప్పుడొస్తున్నారు, ఎన్ని రాత్రులుంటారు, వాళ్ళకి ఏం కావాలి అని నాలుగు గడులు గీసుకోండి. నాలుగో గడి అన్నిటికన్నా ముఖ్యం. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోలేనివాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు, చంటిపిల్ల తల్లి, ఉల్లి తినని పెద్దావిడ. ఇవి ముందే తెలిస్తే ఎవరిని ఎక్కడ పడుకోబెట్టాలో, ఎవరికి ఏం వండాలో సగం తేలిపోతుంది. లెక్కకి వచ్చిన సంఖ్య మీద ఇంకో నలుగుర్ని వేసుకోండి.

ఫోన్లో మాట్లాడినప్పుడే దారి కూడా చెప్పేయాలి. ఇంటి లొకేషన్ వాట్సాప్‌లో పంపి, దగ్గరలో ఏ గుడి ఉందో, ఏ బడి ఉందో అదీ రాయండి. మామూలు రోజుల్లో గుర్తుగా చెప్పే మూడు లాంతర్లు, కోట, గంటస్తంభం ఆ రోజు జనంతో నిండిపోతాయి. మంగళవారం నడి ఊళ్ళోకి బళ్ళు రానివ్వరు కాబట్టి కార్లలో వచ్చేవాళ్ళని సోమవారమే రమ్మనండి, కుదరకపోతే మంగళవారం పొద్దున్నే. రైల్లో వచ్చేవాళ్ళది కాస్త సులువు. మనది జంక్షన్, అటు హౌరా లైనూ ఇటు రాయగడ లైనూ రెండూ ఉన్నాయి. స్టేషన్లో దిగినవాళ్ళు అక్కడికి దగ్గర్లోనే ఉన్న వనంగుడిలో అమ్మవారికి ఒక దండం పెట్టుకుని రావచ్చు, ఆ మాట కూడా చెప్పండి.

చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద గిన్నెలు టెంట్ హౌస్ నుంచి తెచ్చుకోవాలంటే ఇప్పుడే చెప్పి ఉంచాలి. ఆ వారంలో ఊరంతా వాటి కోసమే తిరుగుతుంది.

వారం ముందు: నీళ్ళ లెక్క

ఇల్లు ఎంత అందంగా సర్దినా, సోమవారం రాత్రి ట్యాంకు ఖాళీ అయితే అంతా తల్లకిందులే. అందుకని నీళ్ళ గురించి కాస్త వివరంగా చెప్తాను.

స్నానానికి ఒక బకెట్టున్నర, దొడ్డికి, కాళ్ళకి, గిన్నెలకి కలిపి పొదుపుగా వాడినా మనిషికి రోజుకి 50 లీటర్లు వేసుకోవాలి. ఇంట్లోవాళ్ళు నలుగురు, వచ్చేవాళ్ళు పన్నెండుమంది అనుకుంటే 800 లీటర్లు. మేడ మీద 1,000 లీటర్ల ట్యాంకు ఉంటే ఒక్క రోజుకి సరిపోతుంది, అంతే. 500 లీటర్లదైతే మధ్యాహ్నానికే అడుగంటుతుంది. మోటారు పొద్దున్న నాలుగింటికి ఒకసారి, అందరి స్నానాలూ అయ్యాక ఒకసారి వెయ్యడం ఒకరి బాధ్యతగా ఉండాలి. పెరట్లో 200 లీటర్ల డ్రమ్ము ఒకటి నింపి మూతపెట్టి ఉంచండి, కరెంటు పోయినా కంగారుండదు. ట్యాంకు కడిగించడం కూడా ఈ వారంలోనే అయిపోవాలి. పండగ ముందురోజు కడిగిస్తే మర్నాడంతా నీళ్ళు మడ్డిగా వస్తాయి.

తాగే నీళ్ళు మనిషికి రోజుకి మూడు లీటర్లు. పదహారుమందికి 48 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు రెండున్నర. రెండు రోజులకి ఐదు చాలు గానీ ఏడు తెప్పించుకోండి. దారినపోయేవాళ్ళు కూడా దాహమని గేటు దగ్గర ఆగుతారు, లేదనకూడదు. మంగళవారం టిన్ను బండి సందుల్లోకి రాలేదు కాబట్టి ఆదివారం సాయంత్రానికే అన్నీ ఇంట్లో దిగిపోవాలి.

గుమ్మం

నన్నడిగితే ఇంట్లో అన్ని చోట్లకన్నా ఎక్కువ శ్రద్ధ గుమ్మం దగ్గరే పెట్టాలి. మన ఇంట్లో తాను చుట్టమో భారమో వచ్చినవాళ్ళకి మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

ముందు గేటు సంగతి. గడియ బిగుసుకుపోయి ఉంటే రెండు చుక్కల నూనె వెయ్యండి. కుక్క ఉంటే ఆ రెండు రోజులూ పెరట్లో కట్టెయ్యాలి. వీధి లైటు వెలగకపోతే గేటు మీద ఒక బల్బు పెట్టించండి, ఎందుకంటే తొలేళ్ళ రాత్రి జనం ఏ వేళప్పుడైనా వస్తారు. మెట్ల అంచుల మీద తెల్ల సున్నంతో ఒక గీత గీస్తే ముసలివాళ్ళకి మెట్టెక్కడుందో చీకట్లో కూడా ఆనుతుంది.

గడప కడిగి పసుపు రాయడం ఆదివారం సాయంత్రం చేస్తే పొద్దున్నకి ఆరిపోతుంది. తడి పసుపు మీద కాలేస్తే జారుతుంది, ఆ అడుగులే తర్వాత హాలంతా పడతాయి. ముగ్గు వాకిలంతా పరిచెయ్యకుండా మధ్యలో రెండడుగుల దారి వదిలి అటూ ఇటూ వెయ్యండి. తొక్కుతానేమోనని సంకోచిస్తూ పక్కనుంచి గోడ పట్టుకుని వచ్చే పెద్దవాళ్ళు ఉంటారు.

మా ఇంటికి వచ్చే మేనత్త ఒకావిడ ఉంది. కుడిచేతిలో కొబ్బరికాయలు, సీతాఫలాలు ఉన్న సంచి. ఎడమ భుజానికి బట్టల బ్యాగు. మెట్లెక్కి గుమ్మం ముందు నిలబడుతుంది. చెప్పులు విప్పాలంటే వంగాలి, వంగాలంటే సంచి కింద పెట్టాలి, అమ్మవారికి తెచ్చిన కొబ్బరికాయలు చెప్పుల పక్కన పెట్టడానికి చెయ్యి రాదు. అందుకే అలా నిలబడిపోతుంది. లోపలినుంచి ఎవరైనా పరుగున వచ్చి సంచి అందుకునేదాకా ఆమెకి ఇల్లు చేరినట్టే కాదు. ఇది ఆమె ఒక్కర్తి సంగతి కాదు, గమనిస్తే దాదాపు ప్రతి చుట్టమూ అక్కడే ఆగుతుంది.

కాబట్టి గుమ్మానికి కుడివైపు మోకాలెత్తు బల్ల ఒకటి వెయ్యండి. పాత స్టూలైనా, రెండు ఇటుకల వరసల మీద పలకైనా సరే, పైన ఉతికిన గుడ్డ పరవండి. అది సంచులకి. దాని పక్కనే చేతులున్న కుర్చీ ఒకటి, చెప్పులు విప్పుకోవడానికి. చేతుల్లేని స్టూలు మీద కూర్చున్న పెద్దవాళ్ళు లేవడానికి ఇబ్బంది పడతారు.

చెప్పుల విషయం. పదహారుమందికి పదహారు జతలు, పిల్లలవి వేరే. ఇంట్లో ఉన్న స్టాండు చాలదు. గుమ్మానికి ఎడమవైపు గోడ పొడవునా పాత గోనెసంచులు పరిచి, మొదటి రెండు జతలు మీరే వరసగా పెట్టి ఉంచండి. తర్వాత వచ్చినవాళ్ళు ఆ వరసలోనే విడుస్తారు. పిల్లల చెప్పులకి ఒక తట్ట. గుమ్మం ఎదుట మాత్రం ఒక్క జత కూడా ఉండకూడదు, రాత్రి పూట తట్టుకుని పడేది అక్కడే.

కాళ్ళు కడుక్కునే చోట పెద్ద బకెట్టు, రెండు చెంబులు. కింద నున్నటి టైల్సు ఉంటే కొబ్బరిపీచు పట్టా తప్పకుండా వెయ్యాలి. పక్కనే దండెం మీద నాలుగు నూలు తువ్వాళ్ళు. తడిసినవి తీసి పొడివి వేసే పని ఇంట్లో పదేళ్ళ పిల్లకి అప్పగించండి, ఇష్టంగా చేస్తుంది. వసారాలోనే ఒక మూల రంజను, దాని మీద బోర్లించిన స్టీలు గ్లాసులు. కుళాయి ఉన్న రంజనైతే ఎవరికి వారే పట్టుకుని తాగుతారు.

ఇక మాట. "రా అత్తా, సంచి ఇలా పెట్టు, కాళ్ళు కడుక్కో" అని పేరు పెట్టో వరస పెట్టో పిలవాలి. చేతిలో పనుంటే అది ఆపి ఒక్క నిమిషం ఎదురు రావాలి. "భోంచేస్తారా?" అని మాత్రం అడక్కండి. అడిగితే మనవాళ్ళు ఆకలితో ఉన్నా "ఇప్పుడే తినొచ్చాం" అనే అంటారు. "వడ్డించేస్తున్నాను, చెయ్యి కడుక్కోండి" అనాలి. రైలు దిగిన మనిషికి ఎండ వేళైతే మజ్జిగ, పొద్దున్నైతే కాఫీ, ఆ తర్వాతే కబుర్లు.

గుమ్మం దగ్గర ఉండడానికి ఇంట్లో ఒకర్ని పెట్టండి. తాతగారైతే మరీ మంచిది. ఆయన అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళని పలకరిస్తుంటే వంటింట్లోవాళ్ళకి సగం శ్రమ తగ్గుతుంది.

హాలు, సామాన్ల గది

హాల్లో కొత్తగా పెట్టాల్సినవాటికన్నా తీసెయ్యాల్సినవే ఎక్కువ. టీపాయి, గాజు బొమ్మలు, పూలకుండీలు మూడు రోజులు లోపల పెట్టండి. గోడవారగా కుర్చీలు, మధ్యలో జంపఖానా. గాలి తగిలే చోట, బాత్రూముకి దగ్గరగా ఉన్న కుర్చీలు రెండు పెద్దవాళ్ళవని ముందే అనుకోండి. నడవలేనివాళ్ళకి లోకల్ చానెల్లో సిరిమాను లైవ్ కనపడేలా టీవీ తిప్పి పెట్టండి. ఫోన్లకి ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి ఎత్తులో పెట్టి, రెండు మూడు రకాల చార్జర్లు దానికే వదిలెయ్యండి.

పిల్లలు ఎక్కువమంది ఉంటే వాళ్ళని ఒక పెద్దావిడ చుట్టూ కూర్చోబెట్టి అమ్మవారి కథ చెప్పించండి. పైడితల్లి విజయనగరం రాజుగారి చెల్లెలని, 1757లో బొబ్బిలి యుద్ధం నాటి దుఃఖంతో పెద్దచెరువులో కలిసిపోయి, మళ్ళీ అదే చెరువులో విగ్రహంగా దొరికిందని ఇక్కడ చెప్పుకునే కథ. పిల్లలకి కథ తెలిస్తే మర్నాడు సిరిమాను చూసేటప్పుడు దేన్ని చూస్తున్నారో తెలుస్తుంది.

సామాన్లన్నిటికీ ఒకే గది ఉండాలి. బ్యాగులు నేల మీద పెడితే చీమలు పడతాయి, అడ్డమూ వస్తాయి. ఒక మంచం మీదో బల్లల మీదో వరసగా పెట్టి, ఒకేలా ఉన్న బ్యాగులకి రంగు గుడ్డముక్క కట్టండి. ఆ గదికి లోపల గడియ సరిగ్గా పడాలి, ఆడవాళ్ళు చీర మార్చుకునేదీ చంటిపిల్లకి పాలిచ్చేదీ అక్కడే. అద్దం, దువ్వెన, సేఫ్టీ పిన్నులు, తడిగుడ్డలో చుట్టిన పూలు అక్కడే ఉంచండి. మీ బీరువాకి తాళం వేసి తాళం చెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఎవరిమీదో అనుమానంతో కాదు, ఏదైనా కనపడకపోతే ఎవరూ నొచ్చుకునే పరిస్థితి రాకుండా.

పూజ సామాన్లు మాత్రం అక్కడ కలపొద్దు. తొలేళ్ళకి ఘటం పట్టుకెళ్ళేవాళ్ళు ఉంటే ఘటం, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, చీర విడిగా దేవుడి గది పక్కన ఒక పీట మీద ఉండాలి.

బాత్రూము, పడకలు

బాత్రూములో రెండు బకెట్లు, రెండు మగ్గులు, కొత్త సబ్బు, గోడకి కనీసం ఆరు కొక్కేలు. తడి బట్టలు ఎక్కడ వెయ్యాలో తెలియక చుట్టాలు పడే అవస్థ ఇంతా అంతా కాదు, పెరట్లో దండెం ముందే కట్టండి. మూతున్న డస్ట్‌బిన్, పక్కన షెల్ఫులో పాత న్యూస్‌పేపర్లు, శానిటరీ ప్యాడ్లు ఉంచితే ఆడపిల్లలు మొహమాటపడరు. మంగళవారం స్నానాలు నాలుగింటికే మొదలవ్వాలి. ముందు గుడికి వెళ్ళేవాళ్ళు, తర్వాత పెద్దవాళ్ళు, చివర పిల్లలు. ఎవరు ఎప్పుడన్నది సోమవారం రాత్రి భోజనాల దగ్గరే అనేసుకుంటే పొద్దున్న తలుపు కొట్టుకోవక్కర్లేదు.

పెద్దవాళ్ళకి కింద గదిలో మంచాలు, మిగతావాళ్ళకి హాల్లో చాపలు, దుప్పట్లు. కుర్రాళ్ళు ఎలాగూ తొలేళ్ళ రాత్రి సరిగ్గా పడుకోరు, డాబా చాలు. దోమతెరలు మాత్రం మర్చిపోవద్దు, ఇది వానలు వెనకబట్టే కాలం, దోమలు విపరీతం. బాత్రూముకి వెళ్ళే దారిలో చిన్న లైటు రాత్రంతా వెలగాలి.

వాన, కరెంటు

అక్టోబరు అంటే మన తీరానికి తుఫాను నెల. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లా పలాస వైపు. పండగ రోజు తుఫాను రాకపోయినా జల్లు పడొచ్చు. డాబా మీద పడకలు వేసేముందు ఒక టార్పాలిన్ పట్టా దగ్గర పెట్టుకోండి. టార్చిలైట్లు రెండు, ఇన్వర్టరులో డిస్టిల్డ్ వాటర్ చూసుకోవడం, గొడుగులన్నీ గుమ్మం దగ్గర ఒకే బకెట్టులో. ఇంతే.

వంట

ఎదురు చూస్తూ చల్లారిపోయే వంటలు వద్దు. ఎప్పుడు వడ్డించినా బాగుండేవే చెయ్యాలి. పులిహోర, ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, ఇంగువ చారు, పెరుగు. కిలో బియ్యం ఒక పూటకి ఏడుగురికి సరిపోతాయి. పదహారుమందికి రెండుంపావు, పైన వచ్చేవాళ్ళకి కలుపుకుని మూడు కిలోలు. లీటరు పెరుగుకి మూడు లీటర్ల నీళ్ళు కలిపితే ఇరవై గ్లాసుల మజ్జిగ. కాఫీకి, టీకి లీటరు పాలు పది పన్నెండు కప్పులకి వస్తాయి. డికాక్షన్ ముందే తీసి ఉంచండి. రెండో గ్యాస్ సిలిండరు నిండుగా ఉందో లేదో శనివారమే చూసుకోండి.

నీసు వండే ఇళ్ళల్లో, మొక్కు ఒప్పుకుంటే ఆ వంట బుధవారానికి పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. మంగళవారం పొయ్యి పదకొండింటికల్లా ఆగిపోవాలి.

మంగళవారం: ఇంటికి తాళం వెయ్యడం ఎలా

భోజనాలు పన్నెండు లోపు అయిపోవాలి. సిరిమాను బయల్దేరేది మధ్యాహ్నం. ఊరేగింపులో ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు రథం, బెస్తవారి వల నడుస్తాయి, వెనక చింతమాను మీద పూజారి. మూడు లాంతర్ల దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. మూడుసార్లు ఉంది కాబట్టి ఇంట్లోవాళ్ళంతా ఒకేసారి వెళ్ళక్కర్లేదు. మొదటి బృందం ముందుగా వెళ్ళి చోటు చూసుకుంటుంది, పెద్దవాళ్ళకి తోడున్నవాళ్ళు ఆఖరి తిరుగుడికి వెళ్తారు. వంట చేసినవాళ్ళు మొదటి బృందంలో ఉండాలి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక చోటు అనుకోండి.

బయల్దేరే ముందు గుమ్మాన్ని మళ్ళీ మొదటికి తీసుకురావాలి. బకెట్టు నింపి, రంజను నింపి, పొడి తువ్వాళ్ళు మార్చి, వసారా లైటు వేసి వెళ్ళండి. సిరిమాను అయిపోయాక సాయంత్రం వచ్చేది అసలైన రద్దీ. మనవాళ్ళు, వాళ్ళతో కలిసినవాళ్ళు, ఊళ్ళోనే ఉన్న స్నేహితులు అంతా ఒక్కసారే కాళ్ళు లాగుతున్నాయంటూ దిగుతారు. ఫ్లాస్కుల్లో పాలు వేడిగా ఉంటే టీ పది నిమిషాల పని.

అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు వాచ్‌మన్‌కి చుట్టాల పేర్లు ముందే చెప్పి, ఫ్లోరు నంబరు పెద్దక్షరాలతో లిఫ్టు దగ్గర అంటించండి. చెప్పులు కారిడార్లో పరుచుకోకుండా పక్కింటివాళ్ళతో ఒక మాట అనుకోవాలి.

వెళ్ళేటప్పుడు

చుట్టాలు తెచ్చిన గిన్నెలు, డబ్బాలు ఖాళీగా పంపకూడదు, పులిహోరో అరిసెలో వెయ్యండి. ఆడవాళ్ళకి బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇవ్వండి, అందరికీ ప్రసాదం పొట్లం. బస్సు ఎక్కేవాళ్ళకి నీళ్ళ సీసా నింపి ఇవ్వడం మరవొద్దు. బ్యాగుల గదిలో, బాత్రూము కొక్కేలకి, చార్జింగు దగ్గర ఒకసారి చూసి రమ్మని మీరే గుర్తుచేస్తే మర్చిపోయినవి అక్కడే దొరుకుతాయి.

టెంట్ హౌస్ గిన్నెలు లెక్క చూసి తోమించి బుధవారం సాయంత్రానికల్లా అప్పగించండి. దుప్పట్లు ఎండలో వెయ్యండి, కానీ చాపలు అటకెక్కించకండి. వచ్చే మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం ఉంది, సిరిమానుకి రాలేకపోయినవాళ్ళు దానికి వస్తారు.